గుఱ్ఱపు నోటికి నొప్పి లేకుండ కళ్ళెము నమర్చు విధము

గుఱ్ఱమును గాని తట్టును గాని పెంచుకొను రైతు దాని దాణాకును, లాడములకును, జీనునకును ఆలోచించి సొమ్ము వెచ్చించును. కళ్ళెము విషయమున మాత్రము సంతలో చేతికందిన దానిని కొనివచ్చి తలకు తగిలించి యంతటితో తృప్తిపడును. పిమ్మట నా గుఱ్ఱము తల యెగురవైచినను, నోరు తెఱచి పగ్గమునకు లొంగకున్నను, అదరిపడి పఱుగెత్తినను, దానికి పొగరెక్కినదని తలచి మొదటిదానికంటె కఱకైన కళ్ళెమును తెచ్చి వేయును. ఇందువలన దోషము హెచ్చునే కాని తగ్గదు. ఏలయన, పొగరని మన మనుకొనునది పెక్కు గుఱ్ఱముల విషయమున నోటిలోని నొప్పియే. గుఱ్ఱము పచ్చిక బయళ్ళలో క్రూరమృగముల బారినుండి పఱుగెత్తి తప్పించుకొని బ్రదికిన జాతి. నొప్పి కలిగినపుడు నిలిచి విచారించుట దాని స్వభావము కాదు, పాఱిపోవుటయే స్వభావము. నొప్పి కలిగించు వస్తువు నోటిలోనే యున్నపుడు ఎంత దూరము పాఱినను నొప్పి తప్పదు. పైనున్నవాడు భయపడి పగ్గమును మఱింత గట్టిగా లాగును. నొప్పి మఱింత హెచ్చును. దానితో పఱుగును హెచ్చును. రౌతు క్రిందపడి చేయి విఱుగుటయు, మంచి గుఱ్ఱము చెడ్డదని పేరుపడి సగము వెలకు అమ్ముడుపోవుటయు నీ విధముగనే జరుగుచుండును.

ఒకప్పుడు పెద్ద గ్రామములలో గుఱ్ఱముల నెఱిగిన సాహిణియో, జట్కా తోలువాడో యొకడుండి ఇట్టి సంగతులను చేతితో చూపి నేర్పెడివాడు. గుఱ్ఱములు తగ్గినకొలది అట్టివారును తగ్గిరి. 2012 సంవత్సరపు పశుగణనలో దేశమందు గుఱ్ఱములును తట్టులును కలిసి సుమారు 6 లక్షల 25 వేలుండగా, 2019 గణన నాటికి సుమారు 3 లక్షల 40 వేలకు దిగినవి. కావున క్రొత్తగా గుఱ్ఱమును కొను రైతునకు అడిగి తెలిసికొనుటకు దగ్గఱ మనిషి దొరకుట కష్టము. ఈ కరపత్రము అట్టివారి యుపయోగార్థము వ్రాయబడినది.

మొదట మాటల విషయము కొంత చెప్పవలసియున్నది. మనవారు కళ్ళెమనియు లగామనియు చెప్పు మాట ఒకప్పుడు నోటిలోని యినుమునకును, ఒకప్పుడు తలకు తొడుగు తోలుపట్టెల కూర్పునకును, మఱియొకప్పుడు పగ్గములతో కూడిన మొత్తమునకును చెల్లుచున్నది. ఆంగ్లమున వీనికి వేఱువేఱు పేరులు గలవు గనుక తెనుగు చేయువారికి ఇచ్చట చిక్కు కలుగును. కొనువారికిని కలుగును. “కళ్ళెము బాగుగ లేదు” అని చెప్పి పంపినయెడల పనివాడు తోలును కుట్టి, ఇనుమును ఉన్నది యున్నట్లే తిరిగి పంపును. కావున ఈ వ్రాతయందు నోటిలో నుండు ఇనుమును కళ్ళెమనియు, తలపై నుండు పట్టెల కూర్పును తలకట్టు అనియు, చేత పట్టుకొను వానిని పగ్గములనియు చెప్పుచున్నాము.

నోటి నిర్మాణము

గుఱ్ఱము నోటిలో ముందు కొఱుకుపండ్లును, వెనుక నమలుపండ్లును ఉండును. ఈ రెంటికి నడుమ రెండు దౌడలయందును పండ్లు లేని ఖాళీస్థలము కలదు. కళ్ళెము నిలుచునది యిచ్చటనే. దీనిని పండ్లసందు అందము. మగ గుఱ్ఱములకు నాలుగైదేండ్ల ప్రాయమున ఈ సందులో ముందువైపున ఒక్కొక్క కోఱపన్ను మొలచును. ఆడు గుఱ్ఱములలో చాలవానికి మొలవదు, మొలచినను చిన్నది. అందుచేతనే పండ్లన్నియు వచ్చిన మగగుఱ్ఱమునకు సామాన్యముగ 40 పండ్లును, ఆడుదానికి 36 పండ్లును లెక్కకు వచ్చును. ఇవిగాక కొన్నింటికి పైదౌడయందు మొదటి నమలుపంటికి ముందు చిఱుపన్ను మొలచుట కలదు. కళ్ళెము వెనుకకు జరిగి దీనికి తగిలినపుడు గుఱ్ఱము హఠాత్తుగ తల విసరును. ఇట్టిదానిని పశువైద్యుడు తీసివేయగలడు.

క్రిందిదౌడలో పండ్లసందు ఎముక యంచు సన్నముగ నుండును. దానిపై నుండునది పలుచని చిగురు మాత్రమే. నడుమ కండ లేదు, క్రొవ్వు లేదు. మన మోకాలి క్రింద ముంగాలి యెముకకు మంచపుకోడు తగిలిన నెట్లుండునో తలచుకొన్నచో, ఆ చోట ఇనుము నొక్కిన గుఱ్ఱమున కెట్లుండునో తెలియును. పలుమాఱు నొక్కుడు పడిన యెముకపై గంటులు లేచుట కలదు. నాలుక దళసరియై నోటిని దాదాపు నిండించుకొని యుండును. నోరు మూసినపుడు నాలుకకును అంగిటికిని నడుమ మిగులు చోటు చాల తక్కువ. కావున ఎంత నున్నని కళ్ళెమైనను నాలుకను కొంత నొక్కక మానదు. మన చేతిలోని పగ్గము నాలుకమీదను, పండ్లసందుమీదను, నోటి సెలవులమీదను పనిచేయును. కొన్ని కళ్ళెములు అంగిటిమీదను, గడ్డము క్రింది గాడిమీదను, చెవుల వెనుకను గూడ పనిచేయును. ఈ చోటులన్నియు మెత్తనివే, లేక ఎముక తేలినవే.

సంతలో గుఱ్ఱమును కొనునపుడు నోరు తెఱచి పండ్లు చూచి వయస్సు చెప్పుట మనవారికి తెలిసిన విద్యయే. తెలంగాణమునకు చేరువనున్న నాందేడు జిల్లా మాళెగామున ఖండోబా జాతరలో జరుగు గుఱ్ఱముల సంతకు పోయినవారు ఈ పండ్ల పరీక్షను కనియే యుందురు. అట్లు తెఱచిన నోటినే మఱి రెండు నిమిషములు చూడవలెను. సెలవులయందు తెల్లని మచ్చలుగాని, చీలి మానిన గుర్తులుగాని, కాయకట్టిన చర్మముగాని కలదా? నాలుకకు అడ్డముగ గాటు కలదా? పండ్లసందును రెండువైపుల వ్రేలితో మెల్లగ తడిమినపుడు సమముగ నున్నదా, ఒకవైపు గంటు తగిలి గుఱ్ఱము తల లాగుకొనుచున్నదా? గడ్డము క్రింది గాడిలో వెండ్రుకలు రాలి చర్మము గట్టిపడినదా? ఇవి యున్నచో, అమ్మువాడు పసిపిల్లవాడైన ఎక్కవచ్చునని యెంత చెప్పినను, ఆ గుఱ్ఱమును నిలుపుటకు ఎట్లు లాగిరో ఆ నోరే చెప్పును. అట్టిదానిని కొనగూడదని మా మాట కాదు. బేరమున వెల తగ్గించుటకు అది చాలిన కారణము. ఇంటికి తెచ్చిన పిమ్మట మాత్రము దానితో వచ్చిన పాతకళ్ళెమును వెంటనే వేయక నోరు మానువఱకు ఆగవలెను.

కళ్ళెమునకు సంబంధించినట్లు కనబడకయే కళ్ళెపు నొప్పిని కలిగించునది మఱియొకటి కలదు. గుఱ్ఱపు నమలుపండ్లు చాల యేండ్లవఱకు ఏటికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున చిగురులోనుండి పైకి వచ్చుచు, నమలుటవలన అరుగుచుండును. పైదౌడ క్రిందిదానికంటె వెడల్పు గనుక అరుగుదల సమముగ నుండక, పైపండ్ల వెలుపలి యంచును, క్రిందిపండ్ల లోపలి యంచును వాడియగును. పై యంచు బుగ్గను కోయును. క్రింది యంచు నాలుకను కోయును. తలకట్టు బిగించి పగ్గము లాగినపుడు బుగ్గ ఈ వాడి యంచులమీదికి నొక్కబడును. ఇట్టి గుఱ్ఱము మేత మేయునపుడు సగము నమిలిన గడ్డిని ముద్దలుగ క్రింద విడుచును. లద్దెలో ఉలవలు గింజకు గింజ కనబడును. ఒక ప్రక్కకు సుఖముగ తిరిగి రెండవ ప్రక్కకు మొరాయించును. దీనికి ఏ కళ్ళెమును మార్చినను ఫలము లేదు. వాడి యంచులను పశువైద్యునిచే ఆకురాయితో రాయించుటయే మందు. ఏడాదికొకసారి నోరు చూపించుట మంచిది. రెండున్నర యేండ్లు మొదలు అయిదేండ్లవఱకు పాలపండ్లు ఊడి క్రొత్తవి వచ్చుచుండును గనుక ఆ కాలమున చిగుళ్ళు పచ్చిగా నుండును. పిల్లగుఱ్ఱము నిన్నటిదాక బాగుగ నడచి నేడు పగ్గము తాకనీయకున్నచో దానిని కొట్టుటకు ముందు నోటిలో చూడవలెను.

కళ్ళెముల తరగతులు

కళ్ళెములు చూచుటకు పలురూపులుగ నున్నను పనినిబట్టి రెండు తరగతులు. మొదటిది కడియముల కళ్ళెము; ఆంగ్లేయులు స్నాఫిల్ అందురు. దీనికి రెండు కొనలయందు ఒక్కొక్క కడియముండును. పగ్గమును ఆ కడియమునకే కట్టుదురు. చేయి లాగినంతయే నోటికి తగులును, ఎక్కువ కాదు. నడుమ ఒక కీలు గలది సంతలలో విశేషముగ దొరకును. రెండు పగ్గములను కలిపి లాగినపుడు ఇది అడకత్తెరవలె ముడుచుకొని నాలుకను ఇరుప్రక్కలనుండి నొక్కును. అంగిలి లోతు లేని గుఱ్ఱమునకు ఆ కీలు పైకి పొడుచుకొనవచ్చును. రెండు కీళ్ళును, వాని నడుమ నున్నని చిన్నబిళ్ళయు గలది అట్లు ముడుచుకొనదు. కీలు లేక కొంచెము వంపుగలిగిన యేకకమ్మి మఱియొక రకము. పొలములు చూచివచ్చుటకును, పొరుగూరు పోవుటకును ఎక్కు సామాన్యపు గుఱ్ఱమునకు రెండు కీళ్ళ కడియముల కళ్ళెము చాలునని మా యభిప్రాయము. ఇతర రకములను దానితో పని జరుగనిచోటనే తలపెట్టవలెను.

రెండవ తరగతి మీటకళ్ళెము. కమ్మి కొనలయందు కడియములకు మాఱుగ నిలువుకొమ్మ లుండును. కొమ్మ పైకొనకు తలకట్టును, క్రిందికొనకు పగ్గమును తగిలింతురు. గడ్డము క్రింది గాడిలో ఒక గొలుసు పోవును. పెద్దబండను గునపముతో లేపునపుడు చిన్నబలము పెద్దదగునట్లే యిచ్చటను జరుగును. కమ్మినుండి పైకొమ్మ 1½ అంగుళమును, క్రిందికొమ్మ 4½ అంగుళములును ఉన్నదనుకొనుడు. క్రింది భాగము పైభాగమునకు మూడింతలు. చేతితో 1 కిలో బరువు బలమున లాగినచో గొలుసు గడ్డమును సుమారు 3 కిలోల బలమున నొక్కును. కమ్మి పండ్లసందును, నాలుకను సుమారు 4 కిలోల బలమున నొక్కును. దౌడ ఈ రెంటి నడుమ పట్టకారులో పడినట్లుండును. రౌతు తూలి పగ్గమును ఆధారముగ పట్టుకొన్నచో పడు బలము 1 కిలోతో ఆగదు. నేర్పరి చేతిలో ఈ కళ్ళెము వ్రేలి కదలికతోనే పనిచేయును. అందుకొఱకే అది పుట్టినది. నేర్పులేని చేతిలో గుఱ్ఱమును నిలుపుటకని వేసినచో అపాయకరము. ఊరేగింపులలో అలంకారమునకని పొడుగుకొమ్మల కళ్ళెమును తగిలించి, జీనుపై నెన్నడును కూర్చుండని పెండ్లికుమారుని చేతికి పగ్గము నిచ్చుట మనము చూచుచున్న వాడుకయే. అట్టి సమయమున పగ్గమును పెండ్లికుమారునికి గాక, ప్రక్కన నడచు గుఱ్ఱపువాని చేతికే ఈయవలెను. అదియు కళ్ళెమునకు గాక ముక్కుపట్టెకు కట్టినది కావలెను.

ఈ రెండు తరగతులకును వెలుపల నుండవలసినవి కొన్ని సంతలలో ఇంకను కానవచ్చును. కమ్మిపై ముండ్లు గలవి, పండ్లచక్రములు గలవి, సన్నని మెలితీగతో చేసినవి యట్టివి. 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ననుసరించి 1965లో చేయబడిన బండి పశువుల, బరువుమోయు పశువుల నిబంధనలలో ముండ్లుగాని, గుబ్బలుగాని, పొడుచుకొనివచ్చు భాగములుగాని గల కళ్ళెమును వాడి ఎక్కుటయు తోలుటయు నిషేధింపబడినది. చట్టము మాట అటుంచి, ముండ్ల కళ్ళెమువలన రైతునకు కలుగు నష్టమును చూడుడు. మొదటి నెల గుఱ్ఱము భయమున నిలుచును. పిమ్మట పుండుపడిన చోట కాయకట్టి స్పర్శ తగ్గును. అప్పుడు ఇంకను కఱకైనది కావలసివచ్చును. దానికిని పిమ్మట కాయకట్టును. క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమున గ్రీకుదేశపు జెనొఫొను అను సేనాని అశ్వవిద్యను గూర్చి వ్రాసిన గ్రంథమున, నున్ననిది యొకటియు కఱకుది యొకటియు రెండు కళ్ళెము లుంచుకొనుమనియు, కఱకుదానిని రుచి చూచిన గుఱ్ఱము నున్ననిదానికి సంతోషించుననియు చెప్పెను. ఆయన కాలమున యుద్ధము ముఖ్యము. ఆయనయే బిగుసుకొనియుండు కళ్ళెముకంటె వదులుగ కదలునది మేలని చెప్పెను. ఈ రెండవమాటను గ్రహించి మొదటిదానిని విడుచుట మనకు యుక్తము.

కొలత

ఒకరి చెప్పు ఒకరి కాలికి పట్టనట్లే ఒక గుఱ్ఱపు కళ్ళెము మఱియొకదానికి పట్టదు. నున్నని గుండ్రని పుల్లనొకటి తీసికొని పండ్లసందులో అడ్డముగ నుంచి, ఇరువైపుల పెదవిమూల తగులుచోట గుర్తుపెట్టి కొలువవలెను. ఆ కొలతకు ఒక్కొక్క ప్రక్క పావు అంగుళము చేర్చిన వచ్చునది కళ్ళెము వెడల్పు. సామాన్యముగ పెద్దగుఱ్ఱములకు 5 అంగుళములును, తట్టులకు 4 మొదలు 4½ అంగుళములును పట్టును. కాని కొలువకయే ఈ లెక్కపై కొనరాదు. ఇఱుకైనచో కడియములు పెదవులను నొక్కి కొట్టుకొనిపోవును. వెడల్పైనచో కళ్ళెము ప్రక్కకు జాఱి కీలు నడుమ నుండక ఒకవైపు పండ్లసందుపై పడును. మన తట్టులకు గుఱ్ఱపు కళ్ళెములనే వేయుట విశేషముగ కనబడు తప్పు. సంతలో చిన్నవి దొరకనిచో కమ్మరిచే చేయించుకొనవచ్చును. నున్నగ ఆకురాయి పెట్టించి, కీలుసందులో చర్మము చిక్కుకొనకుండ చూచుకొనవలెను.

కమ్మి లావు 14 మొదలు 16 మిల్లీమీటర్లున్న సామాన్యముగ సరిపోవును. సన్నని కమ్మి తక్కువ చోటుపై బలమును పెట్టును గనుక కోయును. అట్లని మిక్కిలి లావైనది మెత్తనిదని చెప్పరాదు. చిన్ననోటిలో లావుకమ్మి పెట్టినచో నాలుకకు చోటుండదు, గుఱ్ఱము నోరు మూయజాలదు.

ఎత్తు విషయము ముఖ్యము. కీలు గల కళ్ళెము సెలవులకు తగిలి పెదవిమూలలో ఒకటి, రెండు ముడుతలు కనబడవలెను. ఏకకమ్మి సెలవును తాకి ముడుత పడీపడనట్లుండవలెను. మఱింత పైకి బిగించినచో పగ్గము వదలినను సెలవులు ఎల్లప్పుడు సాగియుండును. గుఱ్ఱమునకు విశ్రాంతి యుండదు. క్రిందికి వ్రేలాడినచో కోఱపండ్లకు తగిలి గలగలలాడును. గుఱ్ఱము నాలుకను కమ్మిపైకి తీసికొనుట నేర్చుకొనును. ఈ దురభ్యాసము ఒకసారి పట్టుబడినచో మాన్పుట కష్టము. మీటకళ్ళెపు గొలుసును రింగులు చదునుగ పఱచుకొనువఱకు మెలిత్రిప్పి తగిలించి, కొమ్మ వెనుకకు సుమారు 45 డిగ్రీలు వంగినపుడు మాత్రమే బిగియునట్లు ఉంచవలెను. వదులుగ నున్నపుడు దాని క్రింద రెండు వ్రేళ్ళు చదునుగ దూరవలెను.

తలకట్టు

కళ్ళెము సరిగ నున్నను తలకట్టు బిగిసియున్నచో బాధ తప్పదు. నొసటిపట్టె పొట్టిదైనచో చెవుల వెనుకపట్టెను ముందునకు లాగి చెవిమొదలును కోయును. గుఱ్ఱము చెవులు ముట్టనీయదు, తలకట్టు వేయునపుడు తల పైకెత్తుకొనును. దీనిని మనవారు దొంగబుద్ధి అందురు. గొంతుపట్టె తల పడిపోకుండ నుంచుటకు మాత్రమే కాని ఊపిరి బిగించుటకు కాదు; దానికిని బుగ్గకును నడుమ నాలుగు వ్రేళ్ళు నిలువుగ పట్టవలెను. గుఱ్ఱము ముక్కుతోనే ఊపిరి పీల్చును. మనవలె నోటితో పీల్చజాలదు. కావున ముక్కుపట్టె మృదువైన ముక్కురంధ్రములవైపు జాఱకుండ, బుగ్గయెముక గట్టుకు రెండు వ్రేళ్ళు క్రిందుగ నుండవలెను. దాని క్రింద ముక్కుదూలముపై రెండు వ్రేళ్ళు సుళువుగ దూరవలెను. నోరు తెఱచుచున్నదని ముక్కుపట్టెను బిగించి నోరు మూయించుట కొందఱి వాడుక. నోరు తెఱచుట నొప్పిని చెప్పుకొనుట; మూయించినంతమాత్రమున నొప్పి పోదు, చెప్పుకొను దారి పోవును.

బండిగుఱ్ఱమునకు కంటిగంతలు కట్టునపుడు అవి కంటిఱెప్పల వెండ్రుకలకు తగులకుండ ఎడముగ నిలువవలెను. బండికళ్ళెపు కొమ్మలకు పగ్గము తగిలించు చోటులు పైనుండి క్రిందికి రెండు మూడుండును. కమ్మికి సమముగనున్న పైచోటు మెత్తనిది. క్రిందికి దిగినకొలది మీటబలము హెచ్చును. మొదట పైచోటనే తగిలించి చూడవలెను.

ఇంతవఱకు చెప్పినది యినుమునకును తోలునకును సంబంధించినది. చేతి సంగతి యొకటి మిగిలినది. ఎద్దు ముక్కుత్రాటిని ఊరక లాగుచుండువానిని రైతులే మందలింతురు. గుఱ్ఱము విషయమున అదేపనిని తామే చేయుదురు. గుఱ్ఱము మాట వినినక్షణమున పగ్గము వదలవలెను. వదలుటయే దానికి మెప్పు. పగ్గమును పట్టుకొని జీనుపై నిలదొక్కుకొనరాదు. దానికి జూలుగాని, జీనుకు కట్టిన తోలువారుగాని పట్టుకొనవచ్చును. కచేరి ముందఱి వేపచెట్టుకో, అంగడి గుంజకో పగ్గములతోనే కట్టి లోపలికి పోవుట మిక్కిలి అపాయకరము. ఏదేని చప్పుడునకు బెదరి వెనుకకు లాగినచో బలమంతయు నాలుకమీదను దౌడమీదను పడును. నాలుక తెగవచ్చును, దౌడయెముక విఱుగవచ్చును. కళ్ళెము క్రింద మెత్తని త్రాటి తలకట్టు వేసియుంచి, కట్టవలసివచ్చినపుడు దానికే కట్టవలెను.

కళ్ళెము వేయునపుడు ఎడమప్రక్క నిలిచి బొటనవ్రేలిని పెదవిమూలలో పండ్లసందున ఉంచినచో గుఱ్ఱము నోరు తెఱచును. కమ్మితో పండ్లపై కొట్టి తెఱపింపరాదు. తీయునపుడు తలకట్టును చెవులమీదనుండి జాఱ్చి, గుఱ్ఱము తానే కళ్ళెమును విడుచువఱకు ఆగవలెను. చలికాలపు తెల్లవారుజామున చల్లని యినుమును అరచేత నులిమి వేడిచేసి పెట్టవలెను. మన ప్రాంతమున ఇంతకంటె ముఖ్యమైనది ఎండ. వేసవిలో గోడమేకుకు ఎండలో వ్రేలాడదీసిన కళ్ళెము నోరు కాల్చును. వేయుటకు ముందు నీట ముంచి చేతితో పట్టిచూడవలెను.

పనియైన వెంటనే కళ్ళెమును కడిగి తుడువవలెను. ఎండిన నురుగును గడ్డిపరకలును మఱునాడు ఆకురాయివలె గీయును. త్రుప్పు పట్టినదియు, పైపూత పొరలు లేచినదియు పనికిరావు. తోలుపట్టెలను తడిగుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టి అప్పుడప్పుడు కొంచెము ఆముదము రాయవలెను. ఎండలో నెండినచో తోలు బిఱుసెక్కి చెక్కిళ్ళను కోయును, పెళుసై నడిదారిలో తెగును. ఒక గుఱ్ఱపు కళ్ళెమును మఱియొకదానికి కడుగక పెట్టరాదు. ముక్కునుండి చీము కారు గుఱ్ఱమునకు వాడినదానిని అసలే పెట్టరాదు. గ్లాండర్సు అను రోగము ఆ కారుడువలన ఇతర గుఱ్ఱములకు అంటును, మనుష్యులకును సోకును. అనుమానము కలిగినంతనే గుఱ్ఱమును వేఱుగ కట్టి పశువైద్యశాలకు కబురు పంపవలెను.

సెలవులు చిట్లినను, చిగురు ఎఱ్ఱబడి కమిలినను, కళ్ళెమును పూర్తిగ మానవలెను. సగము పని చేయించుకొనుచు మందు రాసినచో పుండు మానదు. గోరువెచ్చని నీటిలో కొంచెము ఉప్పు కలిపి దినమునకు రెండుసారులు నోరు కడిగి, మేతను మెత్తగ తడిపి పెట్టవలెను. తప్పని పని యున్నచో ముక్కుపట్టెకు ఇరువైపుల త్రాళ్ళు కట్టి నడిపింపవచ్చును. సాధువైన తట్టు దీనితోనే చక్కగ నడచును. పశువైద్యుని కడకు కొనిపోవునపుడు కళ్ళెమును తలకట్టును వెంట తీసికొనిపోవలెను. పుండు ఏ చోట నున్నదో, కమ్మి ఏ చోట తగులునో రెంటిని ప్రక్కప్రక్కన చూచినచో కారణము తెలియును. పుండు మానిన తరువాత మొదటి రెండు మూడు దినములు పగ్గములు లేక ఉత్త కళ్ళెమును మాత్రము కొంతసేపు నోట నుంచి, నాలుకతో కదల్చుకొనుచు నెమ్మదిగ నమలుచున్నదేమో చూచి, ఆ మీదట పగ్గము తగిలింపవలెను.